చిన్న మంగళారంలో నీచు వాసన

2021 వానాకాలం మొదట్లో నాకు మొయినాబాద్ మండలానికి బదిలీ అయింది. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఆ పేరులో అసిస్టెంట్ అనే మాట ఎందుకుందో సర్వీసంతా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. పశువుల దవాఖానకు పెద్ద ఆ హోదాలో ఉన్న మనిషే. వైద్యం, టీకాలు, పోస్టుమార్టం, నెలవారీ రిపోర్టులు, పైకప్పు కారితే బకెట్టు పెట్టించడం, అన్నీ ఆ హోదా కిందికే వస్తాయి. పక్కనే చేవెళ్ల మండలంలో ఒక పోస్టు ఖాళీగా ఉంటే ముడిమ్యాల వైపు ఊళ్లకు కూడా నన్నే ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే మా శాఖలో రెండు కుర్చీల పని ఒక మనిషి చేయడం. కూర్చునే తీరిక మాత్రం ఏ కుర్చీలోనూ ఉండదు.

నేను పుట్టి పెరిగింది మానేరు ఒడ్డున ఒక ఊళ్లో. తొలి ఉద్యోగాలన్నీ బర్రెలు, గొర్ల మధ్యే గడిచాయి. మా తరంలో ఆడవాళ్లు పశువైద్యంలోకి రావడం తక్కువ. కొత్త ఊరికి వెళ్తే రైతు దవాఖాన గుమ్మంలో నిలబడి, నన్ను పైకీ కిందికీ చూసి, “డాక్టర్ సాబ్ లేడా అమ్మా?” అని అడిగేవాడు. నేనే అని చెబితే తన బర్రెకేసి జాలిగా చూసేవాడు. చూలు పరీక్ష అయ్యేసరికి ఆ జాలి పోయేది. చూలు పరీక్ష అంటే భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, పేడ వచ్చే దారిలోంచి చేయి లోపలికి పంపి, గర్భసంచిని వేళ్లతో తడిమి, కడుపుతో ఉందో లేదో చెప్పడం. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. అంత పెద్ద చేయి పనితో సంపాదించిన పేరు, సర్వీసు చివర్లో ఒక చూపుడువేలి పని మీద ఆధారపడుతుందని నేను అనుకోలేదు.

మొయినాబాద్ వచ్చాక రోగుల తీరు మారింది. కరోనా వల్ల ఐటీ ఆఫీసులు ఇళ్లలోనే నడుస్తున్న కాలం అది. తొంభైల్లో ఉద్యోగాలకొచ్చి నగరంలో స్థిరపడ్డ కోస్తా కుటుంబాలు కొన్ని, చిన్న మంగళారం అనే ఊరి చుట్టుపక్కల ఎప్పుడో కొని వదిలేసిన ఫాంహౌసుల్లోకి లాప్‌టాప్‌లతో సహా మకాం మార్చాయి. వాళ్లతోపాటు కుక్కలు వచ్చాయి. గొర్లకు నట్టల మందు, అంటే కడుపు పురుగుల మందు, తాగించే వరుసలో కుక్కను శాలువాలో చుట్టుకుని నిలబడే వాళ్లను అంతకుముందు నేను చూడలేదు. గొర్ల కాపరులూ చూడలేదు. వాళ్లు ఆ వింత చూస్తూ నిలబడిపోయేవారు, వరుస కదిలేది కాదు.

అలా వచ్చిన వాళ్లలో రవికిరణ్ గారు ఒకరు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. భార్య ఉద్యోగం బెంగుళూరులో కావడంతో ఇక్కడ ఆయనా, ఆయన తల్లి సుబ్బలక్ష్మి గారూ ఉండేవారు. మామిడి చెట్ల మధ్య ఇల్లు, ముందు వెడల్పాటి వరండా, కాస్త దూరంలో కాపలా మనుషుల గది, దాని వెనక కొట్టం. కొట్టంలో ఒకే ఒక గిర్ ఆవు. దాని చూలు పరీక్ష కోసమే ఆయన నాకు మొదటిసారి ఫోన్ చేశారు. వెళ్లి చూశాను. ఆవు చూలుతోనే ఉంది. చేయి కడుక్కుంటుంటే సుబ్బలక్ష్మి గారు వరండాలోకి పిలిచి కాఫీ ఇచ్చారు. ఆవిడది బందరు. మాట మెత్తన, పట్టు గట్టి. ఒడిలో లడ్డు పడుకుని ఉన్నాడు.

లడ్డు పగ్ జాతి కుక్క. చదును మూతి, ముడతల నుదురు, చుట్టుకున్న తోక. ఆ జాతికి పైనుంచి చూస్తే నడుము కనిపించాలని మా పుస్తకాలు చెబుతాయి. లడ్డుకు పైనుంచి చూసినా పక్కనుంచి చూసినా పొట్టే కనిపించింది. ఊపిరి తీసినప్పుడల్లా ఒక చిన్న గురక. ఆవు కోసం వచ్చిన డాక్టరును వాడు పెద్దగా లెక్కచేయలేదు.

కాఫీ సగం తాగేలోపే ఆ ఇంటి గొడవ నా చెవిన పడింది. వాళ్లు శాకాహారులు. గుడ్డు కూడా గడప దాటి రాదు. కాపలాకు పెట్టుకున్న పెంటయ్య, బాలమణి దంపతులది ముడిమ్యాల. పనిలో చేరేటప్పుడే, గేటు లోపల నీచు వండకూడదు, తేకూడదు అని వాళ్ల దగ్గర మాట తీసుకున్నారు. వాళ్లు సరేనన్నారు. ఇప్పుడు కొంతకాలంగా వరండాలోకి చేపల వాసన కొడుతోంది. మొదట సెప్టిక్ ట్యాంకు అనుకుని మూత తీయించారు. తర్వాత చచ్చిన ఎలుక అనుకుని అటక ఖాళీ చేయించారు. చివరికి రవికిరణ్ గారే కనిపెట్టారు: బాలమణి గదిలో కుక్కరు కూత పెట్టగానే వాసన వస్తోంది. కూత లేని పూట వాసన లేదు. ఆయన తన కంపెనీ భాషలో, రూట్ కాజ్ దొరికిందని నాకు చెప్పారు. నెలాఖరుకు గది ఖాళీ చేయమని పెంటయ్యకు అప్పటికే చెప్పేశారు.

బాలమణి వరండా మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడి ఇదంతా వింటోంది. ముప్పై అయిదేళ్ల మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం, కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. ముడిమ్యాలలో ఉన్న కాస్త చెలక కౌలుకిచ్చి, ఇల్లు కిరాయికిచ్చి వచ్చారు వాళ్లు. కూతురు మొయినాబాద్‌లో పదో తరగతి చదువుతోంది. ఉన్నపళాన గది పోతే ఆ పిల్ల పరీక్షల ఏడాది చెట్టు కిందికి వచ్చినట్టే. ఇంట్లో వాళ్లు వినడం మానేశారు కాబట్టి ఆమె నాకు చెప్పుకుంది.

“మేడం, ఈడికొచ్చిన కాడికెల్లి నేను కౌసు ముట్టలే. తినబుద్ధయితే మా తల్లిగారింటికి పోయి తిని, తానం జేసి వస్తున్న. పప్పు ఉడకబెడితె చేపలు వండినవంటున్నరు. నేను ఎట్ల నమ్మియ్యాలె?”

కోస్తాలో నీచు అనేదాన్నే మా వైపు కౌసు అంటారు. సుబ్బలక్ష్మి గారు తొణక్కుండా జవాబు చెప్పారు. తాము అన్యాయంగా ఏమీ అనలేదనీ, ఒకసారి కూత రాగానే వెళ్లి కుక్కరు మూత తీయించి మరీ చూశామనీ, లోపల పప్పే ఉందనీ అన్నారు. “మరి పప్పులోంచి చేపల వాసన ఎలా వస్తుందమ్మా? మేం వచ్చేలోపు మార్చేసి ఉంటుంది.” ఉడికే కుక్కరులో కూర మార్చేయడం ఎలా సాధ్యమో నేనూ ఆలోచించాను, నాకు తోచలేదు.

అప్పుడే లడ్డు ఒడిలోంచి దిగాడు. వరండా గ్రానైటు మీద కూర్చుని, వెనక కాళ్లు ముందుకు చాపి, పిర్రలు నేలకు ఆనించి, ముందు కాళ్లతో లాక్కుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయాడు. రవికిరణ్ గారు నవ్వి, వాడు రోజూ ఇలా రైలాట ఆడుతున్నాడనీ, బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియోకు మంచి పేరొచ్చిందనీ చెప్పారు. నేను కాఫీ కప్పు కింద పెట్టాను.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. కుక్కకు మలద్వారానికి రెండు పక్కలా, గడియారంలో నాలుగు, ఎనిమిది అంకెలుండే చోట, చర్మం కింద శనగగింజంత సంచులు రెండు ఉంటాయి. వాటిలో ఊరే జిడ్డు ద్రవమే కుక్కకు చిరునామా. ఒక కుక్క ఇంకో కుక్కను వెనకనుంచి పలకరించేది అందుకే. మలం గట్టిగా ఉంటే, వెళ్లేటప్పుడు సంచులు నొక్కుకుని వాటంతటవే ఖాళీ అవుతాయి. ఎప్పుడూ మెత్తగానే ఉంటే ఖాళీ కావు. ద్రవం చిక్కబడి, సంచి ఉబ్బి, దురద, నొప్పి పుడతాయి. అప్పుడు కుక్క పిర్రలు నేలకేసి ఈడుస్తుంది. ఉన్నట్టుండి భయపడితే కండరం బిగిసి ఒక చుక్క బయటికి చిమ్ముతుంది. ఆ చుక్క వాసన కుళ్లిన చేప వాసనే. తెలియని వాళ్లు వంటింట్లో వెతుకుతారు.

సంగతి నాకు దాదాపు అర్థమైంది. అయినా ఒక మనిషి బతుకుతెరువు మీద మాట చెప్పేటప్పుడు ఊహ సరిపోదు. అందుకని ఒక పరీక్ష పెడదామన్నాను. కుక్కరులో ఉత్త నీళ్లు పోసి కూత రానివ్వాలి. మోసం ఉండకూడదు కాబట్టి రవికిరణ్ గారే స్వయంగా కుక్కరు తోమి నీళ్లు నింపాలి. ఆయన మనిషి నిజాయితీపరుడు. గిన్నెల సబ్బుతో మూడుసార్లు తోమారు, ఇంట్లో వాటర్ ఫిల్టర్ నీళ్లే పోశారు, బాలమణి గదిలో పొయ్యి మీద తనే పెట్టి వచ్చారు. తర్వాత అందరం వరండాలో కూర్చున్నాం. చూలు పరీక్షకు వచ్చిన ప్రభుత్వ వైద్యురాలు, పెద్ద కంపెనీ మేనేజరు, ఆయన తల్లి, మెట్ల కింద బాలమణి, ఎవరూ మాట్లాడకుండా ఒక కుక్కరు కూత కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాం. లడ్డు మళ్లీ ఒడి ఎక్కి నిద్రపోయాడు.

కూత వచ్చింది. లడ్డు ఒడిలోనే గాల్లోకి ఎగిరి పడ్డాడు. ఆ వెనకే వాసన వచ్చింది. అలవాటు కొద్దీ తల్లీకొడుకులిద్దరూ కాపలా గది వైపు చూశారు. నేను లడ్డు వైపు చూశాను. కాసేపటికి సుబ్బలక్ష్మి గారు నెమ్మదిగా తల వంచి తన చీర కుచ్చెళ్లు చూసుకున్నారు.

“సారు, నీళ్లు గూడ కౌసేనా?” అంది బాలమణి.

నేను బండి డిక్కీలోంచి చిన్న తొడుగులు, లిక్విడ్ పారాఫిన్, దూది తెప్పించాను. పద్ధతి ఇది: చూపుడువేలికి నూనె రాసి మలద్వారంలోకి కొంచెం పంపాలి, బొటనవేలు బయట ఉంచాలి, రెంటి మధ్య సంచి దొరికాక దూది అడ్డం పెట్టి కిందినుంచి పైకి మెత్తగా నొక్కాలి. మొరటుగా నొక్కితే సంచి చితుకుతుంది. రవికిరణ్ గారికి సరిగ్గా అప్పుడే ఒక ఆఫీసు కాల్ వచ్చింది. లడ్డును పట్టుకోవడానికి బాలమణి ముందుకొచ్చింది. తన మాట నిజమని చూపే సాక్ష్యం జారిపోతుందేమో అన్నట్టు వాణ్ణి గట్టిగా పట్టుకుంది. సంచుల్లోంచి టూత్‌పేస్టులా చిక్కటి మడ్డి వచ్చింది. దాని వాసన వర్ణించను. ఆ పూట వరండాలో కాఫీ ఎవరూ పూర్తి చేయలేదని మాత్రం చెబుతాను.

గది ఖాళీ చేయనక్కర్లేదని రవికిరణ్ గారు పెంటయ్యకు ఆ సాయంత్రమే చెప్పారట. సుబ్బలక్ష్మి గారు బాలమణికి ఒక చీర పెట్టారు. తర్వాత ఎప్పుడో కలిసినప్పుడు బాలమణి ఆ సంగతి చెప్పి, “చీర మంచిగనే ఉన్నది మేడం. తప్పైందని మాత్రం ఒక్కలన్నా అనలే” అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

ఈ జబ్బు ఒక్కసారితో పోయేది కాదు. లడ్డు మళ్లీ రైలాట మొదలుపెట్టాడు. నేను మళ్లీ వెళ్లాను, ఆ తర్వాత ఇంకోసారి కూడా. వెళ్లిన ప్రతిసారీ వాడు నన్ను చూసి సోఫా కిందికి దూరేవాడు. తిరిగి తిరిగి ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి వాడి దినచర్య అడిగాను. పొద్దున పాలు, బిస్కట్లు. మధ్యాహ్నం మెత్తగా పిసికిన పెరుగన్నం. రాత్రి మళ్లీ పెరుగన్నం, పైన ఒక చెంచా నెయ్యి. నడక అంటే ఒడిలోంచి గిన్నె దాకా, గిన్నె దగ్గర్నుంచి ఒడి దాకా. పైగా నగరంలో కుక్కల పార్లరుకు స్నానానికి తీసుకెళ్తే అక్కడి వాళ్లు ప్రతిసారీ సంచులు పిండి పంపిస్తున్నారు. అవసరం లేకుండా పిండితే వాచిపోయి, దారి ఇరుకై, ఇంకా త్వరగా నిండుతాయి. నొప్పి ఉంటేనే ముట్టుకోవాలి, లేకపోతే వాటి మానాన వాటిని వదిలేయాలి. ఈ మాట పార్లరు వాళ్లకు చెప్పడం తేలికే అయింది. పెరుగన్నం సంగతి సుబ్బలక్ష్మి గారికి చెప్పడం తేలిక కాలేదు.

“మా ఇంట్లో నాలుగు తరాలు పెరుగన్నం తినే బతికాయి డాక్టరు గారూ. ఎవరికీ ఏ జబ్బూ రాలేదు.”

“మీ నాలుగు తరాల్లో ఎవరికీ ఆ సంచులు లేవండీ” అన్నాను.

ఆవిడ నవ్వలేదు గానీ ఒప్పుకున్నారు. ఉడికించిన తీపి గుమ్మడి, క్యారెట్, బీన్స్, నీళ్లలో నానబెట్టిన ఇసబ్గోల్ పొట్టు కొంచెం, శాకాహార కుక్కలకని అమ్మే గింజల మేత, రెండు పూటలా పెంటయ్యతో తోట చుట్టూ నడక. పీచు పెరిగితే మలం గట్టిపడుతుంది, ఒళ్లు తగ్గితే కండరం తన పని తను చేస్తుంది. వైద్యం అంతే. లడ్డు మొదట్లో గుమ్మడి గిన్నె ముందు కూర్చుని కోర్టుకెళ్లే మనిషిలా ముఖం పెట్టాడట. చలికాలం వచ్చేసరికి వాడికి నడుము కనిపించింది. నేను వెళ్లి పరీక్షిస్తే సంచులు మెత్తగా, ఖాళీగా ఉన్నాయి. ఈ కేసు ముగిసిందనే అనుకున్నాను. ఆవు కూడా ఈనింది, పెయ్యదూడ.

ఎండలు ముదిరాక రవికిరణ్ గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సమస్య తిరగబెట్టిందన్నారు. ఈసారి కూతతో సంబంధం లేదు, ఆదివారాలు మధ్యాహ్నం మాత్రమే వాసన వస్తోంది. పీచు పెంచారు, నడక పెంచారు, ఆదివారం పొద్దున్నే స్నానం చేయిస్తున్నారు, అయినా పన్నెండు దాటేసరికి వాసన. ఇక లాభం లేదని నగరంలో ఒక క్లినిక్‌లో ఆపరేషన్‌కు సమయం తీసుకున్నారు. వచ్చే వారమే. ఆ రెండు సంచులూ కోసి తీసేస్తే శాశ్వత పరిష్కారం అని ఆయన నాకే చెప్పారు.

ఆ ఆపరేషన్ ఉన్నమాట నిజమే. చీము పట్టి, పగిలి, మందులకు లొంగని కేసుల్లో చివరి మార్గంగా చేస్తారు. కానీ ఆ సంచుల పక్కనే మలాన్ని ఆపే కండరం, దాని నరం ఉంటాయి. అవి దెబ్బతింటే కుక్క బతికినంతకాలం మలం ఆపుకోలేదు. ఒడిలో పెరిగిన కుక్క వరండాలో గొలుసుకు, అక్కడినుంచి గేటు బయటికి పోవడానికి అది చాలు. నేను చూసేదాకా ఆగమని చెప్పి ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరాను. సెలవు రోజు కదా అని ఆయన మొహమాటపడ్డారు. పశువులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి మాకూ ఆ అలవాటు లేదన్నాను.

గేటు దగ్గర బండి దిగగానే నాకు విషయం తెలిసిపోయింది. మానేరు ఒడ్డున పుట్టిన ముక్కు ఇది. ఎండు చేపలు, చింతపండు పులుసు, ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ, చివర్లో మెంతిపొడి. నిజం చెప్పాలంటే నోరూరింది. కుక్క సంచుల్లో ఏదైనా ఊరవచ్చు గానీ చింతపండు ఊరదు.

అయినా పద్ధతి ప్రకారం ముందు రోగిని చూడాలి. లడ్డును బల్ల మీద నిలబెట్టి పరీక్ష చేశాను. సంచులు శుభ్రంగా ఉన్నాయి, పల్చటి ద్రవం రెండు చుక్కలు, అంతే. వాడు వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపులో ఎంతో నింద ఉంది. వాణ్ణి దించి, వేడినీళ్లు కావాలని చెప్పి, ఇంట్లోకి కాకుండా కాపలా గది వైపు నడిచాను.

బాలమణి నన్ను చూడగానే గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత దాచి లాభం లేదనుకుందేమో, తీసేసింది.

“తినకుంట ఉన్నన్ని దినాలు తిన్నవన్నరు మేడం. ఇప్పుడు తింటుంటే కుక్క అంటున్నరు” అంది. “ఒక ఆదివారం మా తమ్ముడు ఎండుచేపలు తెచ్చిండు. భయపడుకుంట వండిన. వాసన పోయింది. సారు బయటికొచ్చి, లడ్డుకు మళ్ల మొదలైందని కుక్కను తిట్టిండు. నేనేం జేసేది? మంచిగనే అనిపించింది.”

నేను నవ్వు ఆపుకున్నాను. తర్వాత వచ్చే వారం లడ్డుకు ఏం చేయబోతున్నారో చెప్పాను. ఏది కోస్తారో, తేడా వస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. ఆ కుక్క మీద ఆమెకు కోపమేమీ లేదు. రోజూ తోట చుట్టూ తిప్పే పెంటయ్య చేతుల్లో వాడు ఇంట్లో మనిషే అయ్యాడు. “వద్దు మేడం. నేనే వండిన అని జెప్త. పోతె పోతది కొలువు. గా నోరులేని దాన్ని కొయ్యొద్దు” అంటూ చేతులు కడుక్కుని నా వెనకే వచ్చింది. నేను ఆగమన్నాను, ఆగలేదు. ఇద్దరం వరండా దగ్గరికి వచ్చేసరికి ఏం చెప్పాలో నాకే తేలలేదు. నిజం చెబితే ఆమె కూతురి చదువు, చెప్పకపోతే లడ్డు ఒళ్లు. మధ్యలో డాక్టరుగా నా మాట.

ముందు నాకు తెలిసిన నిజం చెప్పాను. సంచులు ఆరోగ్యంగా ఉన్నాయి, ఆపరేషన్ అవసరం లేదు, చేయిస్తే కీడే ఎక్కువ.

రవికిరణ్ గారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. “మరి ఈ వాసన ఎక్కడినుంచి వస్తోంది మేడం?”

బాలమణి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు సుబ్బలక్ష్మి గారు మాట్లాడారు.

“వాసనా? నాకేం రావట్లేదే.”

“అదేంటమ్మా, ఇంతలా వస్తుంటే. అచ్చం చేపల పులుసు వాసన.”

“చేపల పులుసు వాసన ఎలా ఉంటుందో నీకెలా తెలుసురా?”

రవికిరణ్ గారు ఒకసారి నా వైపు, ఒకసారి మామిడి చెట్ల వైపు చూశారు. ఆఫీసులో ఎందరినో ప్రశ్నలడిగే మనిషి, ఒక్క ప్రశ్నకు చెవులదాకా ఎర్రబడ్డారు. తనకు కిందటేడు కరోనా వచ్చి తగ్గిందనీ, అప్పట్నుంచి ముక్కు కాస్త తేడాగా ఉన్నట్టుందనీ, లేని వాసనలు వస్తున్నాయేమోననీ అన్నారు. అలా జరుగుతుందా అని నన్నే అడిగారు. కొందరికి అలా జరుగుతోందని నేనూ విన్నాను, కానీ నాది పశువుల శాఖ, మనుషుల ముక్కు సంగతి మనుషుల డాక్టరును అడగాలని చెప్పాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. క్లినిక్‌కు ఆయన అప్పుడే ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నారు. బాలమణి తెరిచిన నోరు మూసుకుంది.

నన్ను సాగనంపడానికి సుబ్బలక్ష్మి గారు గేటు దాకా వచ్చారు. అంత దూరం ఆవిడ ఎవరి కోసమూ రారు. మాట మొదలుపెట్టడానికి కొంచెం తడుముకున్నారు.

“బందర్లో మా ఇల్లు చేపల సంతకి వెళ్లే సందులోనే అండీ. ఇప్పుడొచ్చేది కుక్క వాసన కాదు, కూర వాసనని నాకు తెలియకేం. అప్పట్లో వాసన నా ఒళ్లోనే ఉందని మాత్రం నేను ఊహించలేదు.” కాపలా గది వైపు చూస్తూ మళ్లీ అన్నారు. “తిననిదాన్ని పట్టుకుని తిన్నావన్నాం, దొంగని చేశాం. అయ్యో తప్పయిందే అని అనడానికి నాకు నోరు రాలేదు. ఎప్పటికీ రాదు కూడా, నా సంగతి నాకు తెలుసు. ఇలాగైనా కొంత సర్దుకోనీయండి. మావాడికి మాత్రం గాలి తగలకుండా ఏదైనా ఉపాయం ఉంటే బాలమణికి చెప్పి వెళ్లండి.”

ఉపాయం కష్టమైనదేం కాదు. ఆదివారం పొయ్యి కొట్టం వెనక పెట్టుకొమ్మని బాలమణికి చెప్పాను. అటు గాలి ఇంటి వైపు రాకుండా వెనక చెరువు వైపు పోతుంది, పైగా పేడ వాసన ముందు చేపల పులుసు నిలబడదు. ఇంటి వాళ్లకు ఇచ్చిన సలహా వేరు: లడ్డుకు నొప్పి, వాపు, రైలాట, ఈ మూడింటిలో ఏదైనా కనిపిస్తేనే నన్ను పిలవాలి, వాసన ఒక్కటే ఉంటే వాడి జోలికి పోకూడదు. రెండు సలహాలూ వైద్యపరంగా సరైనవే. నేను రిటైరయ్యేదాకా ఆ ఇంటి నుంచి వాసన గురించి మళ్లీ ఫోన్ రాలేదు.

పశువైద్యంలో రోగి మాట్లాడదు. రోగం చరిత్ర పక్కనున్న మనుషులు చెబుతారు, వాళ్లు తమకు కావలసినట్టు చెబుతారు. కాలేజీలో మాకు ఉష్ణోగ్రత, నాడి, మేత, పేడ అడగమని నేర్పారు గానీ, ఆ ఇంట్లో ఎవరి మీద ఎవరికి అనుమానం ఉందో అడగమని నేర్పలేదు. అందుకే ఆ తర్వాత ఏ కుక్కను వాసన అని నా దగ్గరికి తెచ్చినా, ఆ ఇంట్లో వండేది ఎవరు, తినేది ఎవరు, తినకూడదన్నది ఎవరు అని ముందు కనుక్కున్నాను. చేతికి తొడుగు ఆ తర్వాతే వేసుకున్నాను.